నేను అడిగి వేయించిన దురాయి

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడమ్, ఊళ్లో జనాన్ని ఎలా కదిలించాలి?" అని అడుగుతారు. నాకు నవ్వొస్తుంది. నెల్లూరు తీరం వెంట ముప్పై ఏళ్లు తిరిగాను. నేను కదిలించిన జనం కంటే నాకు బుద్ధి చెప్పి పంపిన జనమే ఎక్కువ. ఆ మాట ఫోన్‌లో చెబితే, పెద్దావిడ వినయానికి అంటోంది అనుకుంటారు. నాకు వినయం ఎక్కడిది? అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నాను.

నేను ఎన్ని శిక్షణలు ఇచ్చానో, ఏ హోదాలో చేరి ఏ హోదాలో దిగానో రాయను. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది. ఒక్క ఊరి గురించి, ఆ ఊళ్లో నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఊరి పేరు చెప్పను. తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం ఒడ్డున ఉందంటే చాలు. పేరు రాస్తే అక్కడివాళ్లు నన్ను బతకనివ్వరు, మా ఫోటోలు ఎందుకు వేయలేదని.

తొమ్మిది గంటల మీటింగు

మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే కుటుంబం. నీళ్లంటే కాలువలో వస్తాయని, మా నాన్న మడవ తీస్తే కయ్యలోకి పారతాయని మాత్రమే తెలిసినదాన్ని. సముద్రం అంటే స్కూలు పిల్లలతో కలిసి చూడటానికి పోయే చోటు. అలాంటిదాన్ని నెల్లూరులో ఒక చిన్న సంస్థలో చేరి, తీరంలోని జాలరి పల్లెల్లో నీళ్లు, నేల పాడవకుండా జనాన్ని కూడగట్టే పనికి బయలుదేరాను.

సంస్థ నడిపేది రాఘవయ్య గారు. అంతకుముందు లెక్కల మాస్టారు. ఎవరైనా ఆవేశంగా మాట్లాడుతుంటే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, వాళ్లు చల్లబడేదాకా మళ్లీ పెట్టుకోని మనిషి. నన్ను ఊరికి పంపేటప్పుడు ఒకే మాట చెప్పారు.

"మొదటి ఆరు నెలలు ఏమీ చేయొద్దు వసంతా. ఏదైనా చేయాలనిపిస్తే బస్సెక్కి వచ్చి నాకు చెప్పు. నేను వద్దంటాను, మళ్లీ వెళ్లిపోదువు గానీ."

నేను మూడు వారాలు ఆగాను. నాలుగో వారం ఉదయం తొమ్మిది గంటలకు ఊరి మీటింగు పెట్టాను. అద్దెకు జంపఖానా తెచ్చాను, మైకు తెచ్చాను. ఒక్క ప్రాణి రాలేదు. తొమ్మిదంటే పడవలు ఒడ్డుకు వచ్చే వేళ. ఊరు ఊరంతా వలల దగ్గర, బుట్టల దగ్గర ఉంది. నేను ఖాళీ జంపఖానా మీద కూర్చుని మైకులో "హలో, హలో" అంటూ ఉన్నాను.

ఆ దారిన పోతున్న ఒక పెద్దాయన ఆగి, నన్నూ మైకునూ తేరిపార చూశాడు.

"చేపలకి గూడా ఒక మాట చెప్పి ఉండాల్సిందమ్మా," అన్నాడు. "ఈ పొద్దు మీటింగుంది, రావాకండి అని."

ఆయన సోమయ్య, ఆ ఊరి పెద్దకాపు. ఆ పల్లెల్లో కాపు అంటే కులం పేరు కాదు, పెద్దరికం. ఊరికి నలుగురైదుగురు కాపులుంటారు, వాళ్లమీద ఒక పెద్దకాపు. వలలు ఎప్పుడు వేయాలి, ఎక్కడ వేయకూడదు, మొగుడూ పెళ్లాల తగవు ఎలా తీరాలి, అన్నీ వాళ్ల నోటిమీద నడుస్తాయి. ఆ రోజు సోమయ్య జంపఖానా ఒక చివర పట్టుకుని నాతోపాటు మడతపెట్టాడు. ఇంటికి తీసుకెళ్లి చేపల పులుసుతో అన్నం పెట్టించాడు. మా స్నేహం అలా మొదలైంది. ఆ మీటింగు గురించి ఇప్పటికీ ఆ ఊళ్లో పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుతారు.

రెండు దొరువులు

ఆ ఊరికి నీళ్లిచ్చేవి రెండు దొరువులు. దొరువంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంట. వాననీరు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. ఆ పైనీటిని జాగ్రత్తగా ముంచుకోవాలి. ఆత్రపడి లోతుకు తోడితే ఉప్పు పైకి వస్తుంది. సముద్రానికి అంత దగ్గర్లో అంత తియ్యటి నీళ్లుంటాయని నేను తాగేదాకా నమ్మలేదు. మొదటిసారి తాగి, "పంచదార ఏమైనా కలిపారా?" అని అడిగాను. అందుకూ నవ్వారు.

పడమర వైపు పెద్ద దొరువు. సరుగుడు తోపు పక్కన చిన్న దొరువు. పెద్ద దొరువుకు కాస్త అవతల రొయ్యల గుంటలు వచ్చాయి. మొదట రెండు, తర్వాత వరసగా చాలా. గుంటలకు సముద్రపు నీళ్లు తోడిపోస్తారు. మేత, మందులు వేస్తారు. రొయ్యలు పెరిగాక పట్టుబడి చేసి, అడుగున మిగిలిన మురికి నీళ్లు బయటికి వదులుతారు. ఎక్కడికి వదులుతారన్నదే అసలు ప్రశ్న. ఊరికి దూరంగా పోయే ఉప్పుకాలువలోకే వదులుతున్నామని గుంటల యజమాని చెప్పేవాడు.

రెండేళ్లు తిరిగేసరికి పెద్ద దొరువు నీళ్లు మారిపోయాయి. పప్పు ఉడకడం మానేసింది. టీలో పాలు విరిగేవి. పిల్లలకు ఒళ్లంతా దద్దుర్లు. ఊరంతా చిన్న దొరువు మీద పడింది. అక్కడ బిందెల వరస, వంతులు, వంతుల కోసం జుట్లు పట్టుకోవడం. చిన్న దొరువు కూడా పోతే ఆ ఊరు అక్కడ ఉండదు. ఇసుక మీద ఇళ్లు నిలబడతాయి గానీ నీళ్లు లేకుండా మనుషులు నిలబడరు కదా.

మేము అర్జీలు పెట్టాం. చాలాసార్లు తిరిగాక పరీక్ష చేసేవాళ్లు జీపులో వచ్చారు. వారం ముందే కబురు పెట్టి మరీ వచ్చారు. గుంటల కాలువలో నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. అంతా పరిమితిలోనే ఉందని కాగితం వచ్చింది. ముందుగా చెప్పి వచ్చే పరీక్షను మీరెవరూ నమ్మకండి. చుట్టం వస్తున్నాడని తెలిస్తే నేను కూడా ఇల్లు ఊడ్చుకుంటాను.

ఆ కాగితం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. కోపంలో చేసిన పని ఎప్పుడూ తొందరపాటే అవుతుందని చెప్పను. కొన్నిసార్లు నా కోపమే నాకు దారి చూపింది. ఈసారి మాత్రం చూపలేదు.

కాపుల ముందు నా ఉపన్యాసం

ఆ పల్లెల్లో దురాయి అని ఒక కట్టుబాటు ఉంది. కాపులు కూర్చుని, ఫలానా పని ఊళ్లో ఎవరూ చేయకూడదని దురాయి వేస్తే అది గీత. గీత దాటినవాళ్లతో ఎవరూ మాట్లాడరు. వాళ్ల గడప ఎవరూ తొక్కరు. దొరువు దగ్గర వాళ్లకు వంతు ఉండదు. తప్పు ఒప్పుకుని సభలో సాగిలపడేదాకా అంతే. గుడ్లు పెట్టే కాలంలో చేపల్ని కాపాడినవి, పెద్ద బోట్లను ఒడ్డుకు రానివ్వకుండా ఆపినవి ఆ దురాయిలే. చట్టం కాగితం మీద ఉంటుంది, దురాయి ఊళ్లో తిరుగుతుంది. అది చూసి నేను ముచ్చటపడేదాన్ని. నెల్లూరు మీటింగుల్లో గొప్పగా చెప్పేదాన్ని కూడా.

ఆ ముచ్చటతోనే కాపుల దగ్గరికి వెళ్లాను. రొయ్యల గుంటల పనికి ఈ ఊరినుంచి ఎవరూ పోకూడదని దురాయి వేయండి అన్నాను. పనివాళ్లు లేకపోతే పట్టుబడి ఆగుతుంది, యజమాని దిగివస్తాడు అన్నాను. అరగంట మాట్లాడాను. బాగా మాట్లాడాను, అదే నా బాధ.

సోమయ్య చుట్ట పక్కన పెట్టి అడిగాడు. "ఆ పనికి పొయ్యేవోళ్లు ఎంతమందో చూసినావా అమ్మా?"

"చాలా తక్కువ సోమయ్యన్నా. మిగతా అందరూ చేపలమ్ముకునే వాళ్లే. గుంటలకు పోయేది పదిమంది ఆడవాళ్లు కూడా ఉండరు. బుట్ట ఎత్తుకుంటే వాళ్లకూ గడుస్తుంది."

"ఎవురెవురో కనుక్కున్నావా?"

"కనుక్కున్నాను," అన్నాను. నిజానికి ఎంతమందో కనుక్కున్నాను గానీ ఎవరెవరో కనుక్కోలేదు. అది అబద్ధమని నాకు అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

దురాయి పడింది. మిగతా ఆడవాళ్లంతా గుంటల పని మానేశారు. ఒక్క ఆదెమ్మ మానలేదు.

ఆదెమ్మకు నలభై ఏళ్లుంటాయి. సన్నగా, నిటారుగా, తలమీద ఏమీ లేకపోయినా బుట్ట ఉన్నట్టే నడిచేది. భర్త చెన్నై హార్బరులో పెద్ద బోట్ల మీద పనికి పోయి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఇంట్లో పక్షవాతంతో మంచాన పడ్డ అత్త. బుట్ట ఎత్తుకుని మార్కెట్టుకు పోతే పొద్దుగూకేదాకా రాలేదు. గుంటలైతే ఇంటికి పదినిమిషాల నడక. మధ్యాహ్నం పరుగున వచ్చి అత్తకు అన్నం పెట్టి, పక్కకు తిప్పి, మళ్లీ పోవచ్చు. తిప్పకపోతే ముసలామెకు వీపు పుండ్లు పడతాయి. ఆదెమ్మ పని మానకపోవడానికి ఉన్న కారణమంతా ఇంతే. నేను ఆమె ఇంటి ముందునుంచి రోజూ నడిచేదాన్ని. ఒక్కసారి తొంగిచూసి ఉంటే నాకూ తెలిసేది.

కాపులు పిలిచి అడిగితే, "నా అత్తను మీరెవురన్నా తిప్పతారా? తిప్పేవోళ్లుంటే చెప్పండి, మానుకుంటా," అని వచ్చేసిందట. కాపులకది పొగరుగా తోచింది. దురాయి ఆమె మీద పడింది.

మరి యజమాని దిగివచ్చాడా? వ్యానులో పక్క మండలం నుంచి కూలీలను తెచ్చుకున్నాడు. పట్టుబడి ఒక్కపూట కూడా ఆగలేదు. నేను అడిగి వేయించిన దురాయి ఆ యజమానికి తగలనే లేదు. తగిలింది ఆదెమ్మ ఒక్కదానికే. ఊరి నీళ్ల కోసం నేను మొదలుపెట్టిన పోరాటంలో, ఊళ్లో నీళ్లు లేకుండా పోయింది ముందు ఆమెకే.

అక్కా, కొంచెం ఆగు

దురాయి పడిన మొదటి వారంలోనే ఒక ఉదయం ఆదెమ్మ నాకు ఎదురొచ్చింది. టీకొట్టు ముందు ఇద్దరు కాపులు కూర్చుని ఉన్నారు.

"అక్కా, కొంచెం ఆగు. నీకొక మాట చెప్పాల," అంది.

నేను ఊరి మనిషిని కాను. దురాయి నాకు వర్తించదు. నేను ఆగి మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా, నేనే అడిగి వేయించిన కట్టుబాటును నేనే దాటితే కాపులు ఏమనుకుంటారో అనిపించింది. తల వంచుకుని, సెల్‌ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ పక్కనుంచి వెళ్లిపోయాను. ఫోన్‌లో చూడటానికి ఏమీ లేదు.

ఆ తర్వాత నెలరోజుల పైన ఆదెమ్మ నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. దానికి నేను పెట్టుకున్న పేరు ఊరి ఐకమత్యం. ఉద్యోగంలో ఇలాంటి పేర్లు బోలెడు దొరుకుతాయి. మీకూ దొరుకుతాయి, జాగ్రత్తగా ఉండండి.

ఒకరోజు మధ్యాహ్నం నేను నెల్లూరు నుంచి వచ్చి బస్సు దిగాను. ఊరు ఇంకా కిలోమీటరు దూరం ఉంది. ఎండ మాడిపోతోంది. ముందు ఆదెమ్మ నడుస్తోంది. చంకలో ఒక బిందె, చేతిలో ప్లాస్టిక్ క్యాను. పక్క ఊరినుంచి నీళ్లు తెచ్చుకుంటోంది. ఇసుకలో ఆమె పాదం దిగబడి పైకి లేచేసరికి ఎంతో సేపు పట్టినట్టు అనిపించింది నాకు. చుట్టూ ఎవరూ లేరు. నేను గబగబా నడిచి కలుసుకున్నాను.

"ఆదెమ్మా, ఆ క్యాను ఇటివ్వు. నేను పట్టుకుంటాను."

ఆమె ఆగింది. క్యాను ఇవ్వలేదు.

"ఈడైతే మాట్లాడతావు," అంది. "ఊర్లో మాట్లాడవు. నువ్వు మా ఊరి దానివా, కాదా? ఊరి దానివైతే నాతో ఈడ గూడా మాట్లాడగూడదు. బైటి దానివైతే ఆ పొద్దు ఎందుకు మొకం తిప్పుకున్నావు? ఏందో ఒకటి తేల్చుకో."

అంతే. నడుచుకుంటూ పోయింది. నేను ఆ రోడ్డుమీద నిలబడిపోయాను. ఆ తర్వాత నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అధికారులు అరిచారు, గుంటల మనుషులు బెదిరించారు. ఏదీ నన్ను అంతగా సిగ్గుపడేలా చేయలేదు.

మర్నాడు మొదటి బస్సుకే రాఘవయ్య గారి దగ్గరికి పరుగెత్తాను. జరిగిందంతా ఏడుస్తూ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"దురాయి వేయమని అడిగింది ఎవరు?"

"నేనే సార్."

"మరి తీయమని అడగాల్సింది ఎవరు? బుచ్చిరెడ్డిపాలెం పోయి మీ నాన్నను తీసుకురానా?"

మంచి పై అధికారి ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే నాకు ఆ కళ్లజోడు గుర్తొస్తుంది. నా తరఫున ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. బస్‌స్టాండు దాకా వచ్చి బస్సెక్కించి, కిటికీలోంచి ఒక మైసూరుపాకు పొట్లం చేతిలో పెట్టి వెళ్లారు.

వేటకు పోని రోజు

వేటకు పోని రోజు మధ్యాహ్నం కాపులు పడవల నీడన కూర్చుంటారు. నేను వెళ్లి నిలబడ్డాను. ఈసారి ఉపన్యాసం లేదు.

"దురాయి వేయమని అడిగింది నేను. ఎవరి మీద పడుతుందో కనుక్కోకుండా కనుక్కున్నానని చెప్పింది కూడా నేనే. ఆదెమ్మ మీద తీసేయండి. శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయండి."

కాపులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సోమయ్య నవ్వాడు.

"నీకు మా దురాయి పట్టదమ్మా. నువ్వు బైటి దానివి."

నాకు కోపం వచ్చేసింది. క్షమాపణ చెప్పడానికి పోయి పోట్లాటకు దిగడం నాకే చేతనవును.

"అర్జీలు రాయడానికి ఊరిదాన్నే, కలెక్టరాఫీసు మెట్లెక్కడానికి ఊరిదాన్నే, మీ పిల్లల పెళ్లిళ్లలో వడ్డించడానికి ఊరిదాన్నే. తప్పు చేస్తే మాత్రం బయటిదాన్నా? ఇదెక్కడి న్యాయం సోమయ్యన్నా?"

ఎవరూ నవ్వలేదు. సోమయ్య కాసేపు ఇసుకలో వేలితో గీతలు గీశాడు. తర్వాత ఆదెమ్మకు కబురు పెట్టించాడు.

ఆదెమ్మ వచ్చి అల్లంత దూరాన నిలబడింది. సాగిలపడమని ఎవరూ అనకముందే తనే చెప్పింది. "నేను కింద పడను. నేనేం తప్పు చెయ్యలా."

"పడమనలేదులేమే. నీ మాట చెప్పు," అన్నాడు సోమయ్య.

అప్పుడు చెప్పింది. గుంటల వెనక, పెద్ద దొరువు వైపు, ఇసుక కింద ఒక గొట్టం ఉంది. మూతి మీద తాటాకులు కప్పి ఇసుక పోస్తారు. పట్టుబడి అయిన సాయంత్రం దాన్ని తెరిచి, అడుగు నీళ్లన్నీ అటే వదులుతారు. ఉప్పుకాలువ దాకా తోడిపోయడం వాళ్లకు శ్రమ. ఆమె చేతులు కడుక్కోవడానికి పోయి కళ్లారా చూసింది. పట్టుబడి ఎప్పుడో మూడు రోజుల ముందే ఆడకూలీలకు చెబుతారు.

"ఇన్నాళ్లు చెప్పకుండా ఏం జేస్తా ఉండావు?" అని ఒక కాపు గదమాయించాడు.

"ఎవురికి చెప్పేది? నాతో మాట్లాడేవోళ్లు ఎవురుండారు? ఈమె బైటి మనిషి గదా, ఈమెకన్నా చెప్పుకుందామని పోతే మొకం తిప్పుకుని పాయ."

అందరూ నావైపు చూశారు. "నిజమేనా అమ్మా?" అని అడిగాడు సోమయ్య.

"నిజమే," అన్నాను.

మొదటి వారంలో నేను ఆగి ఆ ఒక్క మాట విని ఉంటే, ఆ మధ్యలో జరిగిన పట్టుబడి నీళ్లు పెద్ద దొరువులోకి పోయేవి కావు. ఈ లెక్క నాకెవరూ చెప్పక్కర్లేదు. ఇప్పటికీ నాకు నేనే చెప్పుకుంటాను.

కాపులు పక్కకు పోయి మాట్లాడుకుని వచ్చారు. ఆదెమ్మ మీద దురాయి తీసేశారు. ఆమె ఇంటి సంగతి కనుక్కోకపోవడం తమ తప్పు కూడా అని సోమయ్య సభలో ఒప్పుకున్నాడు. పెద్దకాపు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత నావైపు తిరిగాడు.

"ఆయమ్మికి దొరువు కాడ వంతు లేకండా ముప్పై ఎనిమిది దినాలు గడిచినాయి. నువ్వు ముప్పై ఎనిమిది దినాలు ఆ ఇంటికి నీళ్లు మొయ్యాల. దినానికి రెండు బిందెలు. జీపులో తెస్తే ఒప్పుకోము."

నేను తల ఊపాను. ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "శిక్ష పడింది గదా, ఇంక బైటి దానివి కాదులే. సంతోషమేనా?" అన్నాడు. సంతోషమే. చెప్పకూడదు గానీ, ఉద్యోగంలో నాకు ఏ సన్మానానికీ అంత గర్వం కలగలేదు.

గొట్టం

పెద్ద దొరువు సంగతి ముందు చెప్పేస్తాను, మీరు దానికోసమే చూస్తుంటారు. తర్వాతి పట్టుబడి ఏ రోజో ఆదెమ్మ ముందుగానే కాపులకు చెప్పింది. ఆ రోజు నేను ఎవరికీ కబురు పెట్టకుండా నెల్లూరు పోయి, పరీక్షల ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ముందు కూర్చుని, నాతో రానిదే కదలనన్నాను. ఆ పిల్ల కూడా తిక్కదే. ఆటోలో వచ్చింది. సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే తాటాకులు తీసి చూశాం. నల్లటి నీళ్లు బుడబుడమని ఇసుకలోకి పోతున్నాయి. ఆమె అక్కడే కూర్చుని సీసాలు నింపుకుంది. ఊరంతా చుట్టూ నిలబడి చూసింది.

గొట్టం మూయించారు. దొరువు వైపు గుంటలు పూడ్పించారు. అది ఒక్క పూటలో జరగలేదు, అరవాల్సినంత అరిచాం. పెద్ద దొరువు నీళ్లు మళ్లీ తియ్యగా మారడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఇప్పుడు పప్పు ఉడుకుతోంది.

ఆదెమ్మకు గుంటల పని పోయింది. నిజం చెప్పినవాళ్లకు మొదట జరిగేది అదే. మన నివేదికల్లో ఆ వాక్యం ఉండదు. ఊరి ఆడవాళ్లు వంతులు వేసుకుని ఆమె బుట్ట కూడా మార్కెట్టుకు మోసుకుపోయేలా, ఆమె ఇంటి దగ్గరే ఎండుచేపల పని చూసుకునేలా సోమయ్య ఏర్పాటు చేశాడు. పని ఆపమని ఎవరికైనా చెప్పేముందే ఆ ఏర్పాటు చేయాలి. నాకు తెలివి వచ్చేసరికి ఆలస్యమైంది. మీకు ముందే చెబుతున్నాను.

ముప్పై ఎనిమిది రోజులు

ఇక నా శిక్ష సంగతి. నేను బిందె మోసి ఎన్నో ఏళ్లైంది. ఇసుకలో ఎప్పుడూ మోయలేదు. మొదటి రోజు సగం నీళ్లు దారికి, పావు నా చీరకు, మిగిలినవి ఆదెమ్మ ఇంటికి చేరాయి. చిన్న దొరువు దగ్గర ఆడవాళ్లకు అంతకంటే వినోదం ఏముంటుంది?

"అక్కా, నీళ్లు ఆదెమ్మకా, దోవలో తంగేడు చెట్లకా?"

"బుచ్చిరెడ్డిపాలెంలో కాలవలు గదే, ఆడ మొయ్యరు, పారిస్తారు!"

నేను ఆదెమ్మ ఇంటి వంతులోనే నిలబడేదాన్ని. నాకంటూ ఆ వరసలో వంతు ఉండేది కాదు. ఊళ్లో నేనుండే గదికి కావలసిన నీళ్లు సోమయ్య ఇంటి నుంచి వచ్చేవి, అన్నేళ్లుగా చుట్టానికి ఇచ్చినట్టు ఇచ్చేవాళ్లు.

ఆదెమ్మ నాతో మాట్లాడలేదు. నేను బిందెలు దించుతుంటే తన పని తాను చేసుకునేది. ముసలామె మాత్రం మాట్లాడేది. సగం మాటలు అర్థమయ్యేవి కావు. నేను మంచం పక్కన కూర్చుని అన్నిటికీ ఊఁ కొట్టేదాన్ని. కొన్నాళ్లకు ఆమెను పక్కకు తిప్పడం నేర్చుకున్నాను. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి. మొదటిసారి సరిగ్గా తిప్పిన రోజు వెనక్కి చూస్తే గుమ్మంలో ఆదెమ్మ నిలబడి ఉంది. లోపలికి పోయింది.

ముప్పై ఎనిమిదో రోజు రెండో బిందె దించి, "ఆదెమ్మా, ఈ రోజుతో అయిపోయింది," అన్నాను. ఆమె వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. తల ఎత్తలేదు. ఏదో ఒక మాట, తిట్టైనా సరే, అంటుందని కాసేపు నిలబడ్డాను. అనలేదు. అడిగి తెచ్చుకునేది కాదని నాకు తెలుసు. బరువుగానే గదికి వచ్చాను.

మర్నాడు మోయాల్సిన పనేమీ లేదు. అయినా కాళ్లు ఊరుకోలేదు, ఆదెమ్మ ఇంటికే పోయాను. వాకిలి తీసి ఉంది. బిందెలు లేవు. ముసలామె మంచం మీదనుంచి సరుగుడు తోపు వైపు చెయ్యి చూపించింది. ఇక నా అవసరం తీరిపోయిందన్నమాట అనుకున్నాను. వెనక్కి తిరుగుదామనుకుని, ఎందుకో దొరువు వైపే నడిచాను.

వరస పొడుగ్గా ఉంది. మధ్యలో ఆదెమ్మ నిలబడి ఉంది. ఆమె ముందు ఒక బిందె, దాని వెనక ఇంకో బిందె. వెనకున్న ఆడవాళ్లు ఆమె మీద అరుస్తున్నారు, రెండు వంతులు ఎట్టా పెడతావే అని. ఆమె వాళ్ల మీద ఇంకా గట్టిగా అరుస్తోంది. నన్ను చూసి ఆ అరుపు నావైపు తిప్పింది.

"ఏంది అట్టా నిలబడి చూస్తా ఉండావు? ఈ బిందె మా ఇంటికి, ఆ బిందె నీ గదికి. పొద్దున్నించి నీ వంతు కాపలా కాయలేక చస్తా ఉండా. బిన్నా రా అక్కా!"